యేట్స్ తొలి కవితలు: గులాబీని, ఐర్లండ్‌ను కలిపి చదవడం ఎలా?

ఐరిష్ కవి విలియం బట్లర్ యేట్స్ తొలి కవితలను చాలామంది రెండు కుప్పలుగా పోస్తారు. దేశభక్తివి ఒకవైపు, సౌందర్యానివి మరొకవైపు. నేనూ కొన్నేళ్లు అలాగే చదివాను, రెండూ సగం సగమే అందాయి. ఇప్పుడు ఎవరడిగినా ముందు ఆ కుప్పలు కలిపేయమంటాను.

1889 నాటి ‘ద వాండరింగ్స్ ఆఫ్ ఉషీన్’ నుంచి 1899లో వచ్చిన ‘ద విండ్ అమంగ్ ద రీడ్స్’ దాకా పదేళ్ల కవిత్వం ఇది. మొదటి పేజీ నుంచి వరసగా చదవనక్కర్లేదు. ‘టు ద రోజ్ అపాన్ ద రూడ్ ఆఫ్ టైమ్’ తీయండి. ఇరవై నాలుగు పాదాలే. పెన్సిల్ దగ్గర పెట్టుకుని బిగ్గరగా చదవండి.

మొదటి సగంలో కవి ఎర్రగులాబీని, అంటే శాశ్వత సౌందర్యాన్ని, దగ్గరికి పిలుస్తాడు. పాత ఐరిష్ గాథల వీరులను, అలలతో పోరాడే కూహులిన్‌ను, ఫెర్గస్‌ను పాడతానంటాడు. రెండో సగం మొదట్లో మూడుసార్లు ‘దగ్గరికి రా’ అని, ఉన్నట్టుండి తడబడతాడు: కొంచెం చోటు మాత్రం వదులు, గులాబీ ఊపిరి నిండడానికి అంటాడు. పెన్సిల్ గీత అక్కడ పడాలి. ఆ చోటు ఎందుకో తర్వాతి పాదాలే చెబుతాయి. చిన్న బొరియలో దాక్కున్న పురుగు, గడ్డిలో పరుగెత్తే పొలం ఎలుక, శ్రమపడి రాలిపోయే మనుషుల ఆశలు. అందం పూర్తిగా ఆవరిస్తే ఇవేవీ వినపడవు, మనుషులెవరికీ తెలియని భాషలో పాడుకోవాల్సి వస్తుందని అతని భయం. ఆ భయం చెప్పిన వెంటనే మళ్లీ ‘దగ్గరికి రా’ అని పిలిచి, పాత ఐర్లండ్‌ను పాడాలని ఉందంటాడు. నాకు ఈ పదేళ్ల కవిత్వమంతా ఆ కొంచెం చోటులోనే ఉందనిపిస్తుంది.

ఆ వెంటనే ‘టు ఐర్లండ్ ఇన్ ద కమింగ్ టైమ్స్’ చదవండి. 1892లో దీని పేరులో ‘అపాలజియా’, అంటే తనను తాను సమర్థించుకోవడం, అనే మాట ఉండేది. ఇది ఒక ఆరోపణకు సమాధానం. గులాబీలూ యక్షిణులూ అంటూ తిరిగే ఈ కుర్రాడు దేశానికేం చేశాడని అడిగేవారికి, తనకు ముందటి ఐరిష్ కవులు డేవిస్, మాంగన్, ఫెర్గూసన్‌ల సరసన నన్నూ లెక్కపెట్టండని జవాబిస్తాడు. ఈ పేర్లను దాటేయకండి. థామస్ డేవిస్ 1842లో ‘ద నేషన్’ పత్రిక స్థాపించినవారిలో ఒకడు, జనం కోసం గేయాలు రాశాడు. మాంగన్ ఐరిష్ పాట ఆధారంగా రాసిన ‘డార్క్ రోజలీన్’లో ఐర్లండే ఒక నల్ల గులాబీ. అంటే యేట్స్ చేతికి వచ్చేసరికే ఆ పువ్వుకు దేశం పేరుంది.

ఈ కవుల పుస్తకాలను యేట్స్‌కు అందించింది జాన్ ఓ’లియరీ. 1865లో ఇరవై ఏళ్ల శిక్ష పడి, జైలూ ప్రవాసమూ గడిపి 1885లో డబ్లిన్ తిరిగొచ్చిన ఫీనియన్ ఆయన, అంటే బ్రిటిష్ పాలన నుంచి ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం పనిచేసిన విప్లవకారుడు. డేవిస్ కవితలు ఇస్తూ, ఇవి మంచి కవిత్వం కాదు గానీ నా జీవితాన్ని మార్చాయని చెప్పారట. దేశాన్ని కాపాడటానికైనా సరే మనిషి చేయకూడని పనులున్నాయని కూడా అనేవారు. ఏమిటవి అని యేట్స్ అడిగితే, నలుగురిలో ఏడవడం అన్నారు. ఆ మాట గుర్తుంచుకుని చదివితే ఈ కవితల్లో దేశం పేరు ఎందుకంత తగ్గు గొంతుతో వస్తుందో తెలుస్తుంది.

‘ద లేక్ ఐల్ ఆఫ్ ఇన్నిస్‌ఫ్రీ’కి పటం కావాలి. పశ్చిమ ఐర్లండ్‌లోని స్లైగో దగ్గర లాఖ్ గిల్ సరస్సులో ఉన్న చిన్న దీవి అది. మట్టితో, తడికలతో గుడిసె, తొమ్మిది వరుసల చిక్కుడు, అక్కడ ఇవి చాలంటాడు కవి. కానీ కవిత పుట్టింది లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో. ఒక దుకాణం అద్దంలో నీటి చిమ్ము మీద చిన్న బంతి నిలబడి ఉండటం చూసి, ఆ నీటి చప్పుడుకు సరస్సు గుర్తొచ్చిందని అతనే రాశాడు. కవిత చివర్లో నగరపు బూడిదరంగు కాలిబాట వస్తుంది. దాన్ని వదిలేసి దీవిని మాత్రమే చూస్తే ఊహాచిత్రం మిగులుతుంది. దూరాన ఉన్నవాడి బెంగ పోతుంది.

ఒక జాగ్రత్త. 1889 జనవరిలో మాడ్ గాన్ పరిచయమైంది. ఆమె అందగత్తె, జాతీయవాది. అందుకని ప్రతి గులాబీనీ ఆమెకే కట్టబెట్టకండి. తన గులాబీ దూరంగా నిలిపి వెంటాడే అందం కాదని, మనిషితో పాటు బాధపడేదని 1925లో యేట్స్ స్వయంగా రాశాడు.

ఏ ముద్రణ చదువుతున్నారో కూడా చూసుకోండి, ఎందుకంటే అతను పాత కవితలను తిరగరాస్తూనే ఉన్నాడు. ‘ద సారో ఆఫ్ లవ్’ రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టండి. 1892లో ‘అప్పుడు నువ్వు వచ్చావు, ఆ ఎర్రని విషాదపు పెదవులతో’ అని ఉంది. 1925 పాఠంలో ‘నువ్వు’ లేదు. ‘ఒక అమ్మాయి లేచింది’ అని ఉంది.