మాట వాడే తీరు – 7వ పాఠం: ధిక్కారం

పోయిన పాఠంలో ఆచారానికీ ఆనవాయితీకీ ఉన్న తేడా చూశాం. ఈసారి వాటిని కాదనే మాట చూద్దాం.

సంస్కృతంలో ‘ధిక్’ అంటే ఛీ అనడం. ధిక్కారం అంటే అలా ఛీకొట్టడం. అందుకే ఈ మాటలో ఒక గొంతు వినిపిస్తుంది. ఎవరికీ తెలియకుండా ఒక ఆచారం మానేసినవాణ్ని ధిక్కరించాడు అనలేం. నలుగురి ముందూ నిలబడి ‘దీన్ని నేను ఒప్పుకోను’ అన్నవాడికే ఆ మాట చెల్లుతుంది. ఏ చిన్న మార్పుకైనా దీన్ని తగిలించేస్తుంటే నాకు బాధగా ఉంటుంది, మాట పలచబడిపోతుంది.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలిసారి ఒక వితంతు వివాహం జరిపించారు. చాటుగా కాదు, అందరికీ తెలిసేలా, ఊళ్లో పెద్దలు మండిపడుతున్నా సరే. దీని గురించి ‘ఆచారాన్ని ఉల్లంఘించారు’ అని రాస్తే వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఉల్లంఘించడమంటే దాటడం. ఎర్ర లైటు పడ్డాక బండి ఆపకపోయినా ఉల్లంఘనే. అందులో ఎదురు నిలవడం లేదు. ‘ఆచారాన్ని ధిక్కరించారు’ అంటేనే ఆయన చేసిన పని కళ్లకు కడుతుంది.

కేంద్ర బడ్జెట్‌ను ఏళ్ల తరబడి సాయంత్రం 5 గంటలకు ప్రవేశపెట్టేవారు. 1999లో ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా దాన్ని ఉదయం 11 గంటలకు మార్చారు. ఇక్కడ ఎవరితోనూ తగువు లేదు, కాబట్టి ధిక్కారమూ లేదు. ‘పాత ఆనవాయితీకి స్వస్తి పలికారు’ అంటే సరిపోతుంది. ఆ ఒక్క ఏడాదే అలా జరిగి ఉంటే ‘ఆనవాయితీ తప్పింది’ అనేవాళ్లం.

విభక్తి విషయంలో జాగ్రత్త. ఆచారాన్ని ధిక్కరిస్తాం, ఆచారానికి స్వస్తి పలుకుతాం. ఇంకో సంగతి, ధిక్కారం ఎప్పుడూ మెచ్చుకోలు కాదు. ‘కోర్టు ధిక్కారం’ నేరం. ‘పెద్దల మాట ధిక్కరించాడు’ అనేవాళ్లు సాధారణంగా తిడుతున్నట్టే. ఎవరి పక్షాన నిలబడి చెబుతున్నామో దాన్నిబట్టి రంగు మారుతుంది.

అభ్యాసం: సరైన క్రియతో పూర్తి చేయండి.
ఏటా జరిగే సభ ఈసారి జరగలేదు, ఆనవాయితీ ……
కట్నం ఇవ్వనని పెళ్లిపీటల మీదే చెప్పి, ఆమె ఆ ఆచారాన్ని ……
కాగితం ఫైళ్లకు ఆఫీసు పూర్తిగా ……

జవాబులు 8వ పాఠంలో, ‘వెలి’ అనే మాటతో పాటు.