కథలో సంభాషణలు ఎలా రాయాలి?

కొత్తగా రాస్తున్నవాళ్ల కథల్లో తరచూ ఒక ఇబ్బంది కనిపిస్తుంది. కథ ఉంటుంది, వర్ణన బాగుంటుంది, కానీ పాత్రలు నోరు విప్పగానే అందరిదీ ఒకటే గొంతు. అమ్మమ్మ, ఇంజనీరింగ్ చదివే మనవడు, బ్యాంకు మేనేజరు, అందరూ ఒకే తెలుగు మాట్లాడేస్తారు. మన భాషలో ఇలా జరగడం నిజంగా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే తెలుగులో ఒక్క పిలుపు, ఒక్క క్రియ చివర చాలు, మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఏముందో తెలిసిపోతుంది. ఆ బలాన్ని ఎలా వాడుకోవాలో చూద్దాం.

1. ఎవరికి ఏం కావాలో ముందే తేల్చుకోండి

సంభాషణ మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసుకోండి: ఈ పాత్రకు ఇప్పుడు ఏం కావాలి? ఎదుటి పాత్ర దేన్ని తప్పించుకోవాలని చూస్తోంది? ఈ రెంటికీ జవాబు లేకపోతే అక్కడ సంభాషణ అవసరం లేదు. ఒక వాక్యంలో కథనంగా చెప్పేసి ముందుకు పోవచ్చు.

ఉదాహరణకు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు ఊళ్లో పొలం అమ్మించి తన వాటా తీసుకోవాలని వచ్చాడు. ఆ పొలం చేస్తున్న అన్నకు ఆ మాటే వినాలని లేదు. చాలామంది దీన్ని ఇలా మొదలుపెడతారు:

"అన్నయ్యా, నీకు తెలుసు కదా, నాన్నగారు పోయాక మన రెండెకరాలూ నువ్వే చేస్తున్నావు. నేను ఇల్లు కొనాలనుకుంటున్నాను. అందుకని నా వాటా అమ్మేద్దామనుకుంటున్నాను."

అన్నకు తెలిసిన సంగతే తమ్ముడు అన్నకు చెబుతున్నాడు. నిజానికి అతను చెబుతున్నది పాఠకుడికి. "నీకు తెలుసు కదా" అని రాయాల్సి వచ్చిందంటే ఆ వాక్యాన్ని అనుమానించండి.

2. అసలు మాటను పక్కన పెట్టి రాయండి

అదే సన్నివేశం, ఇద్దరూ భోజనానికి కూర్చున్నప్పుడు:

"ఈసారి మినుము బానే వచ్చినట్టుందన్నయ్యా."

"ఏం రావడంలే. సగానికి పైగా పల్లాకు తెగులే."

"రోడ్డు పక్క చేలు ఎకరం ఎంత పలుకుతోందిప్పుడు?"

"కూర చల్లారిపోతోంది. తిను ముందు."

"అడిగింది చెప్పొచ్చుగా."

"ఏమేవ్, వీడికి కాస్త పెరుగెయ్యి."

"సర్వేయర్‌తో మాట్లాడానన్నయ్యా. రేపొస్తాడు."

అన్న చెయ్యి కంచంలో ఆగింది.

"చెప్పడానికొచ్చారా, అడగడానికొచ్చారా?"

వాటా అన్న మాట లేదు, అమ్మకం అన్న మాట లేదు. అయినా పాఠకుడికి అంతా తెలిసింది. చివరి వాక్యం చూడండి. అప్పటిదాకా "తిను" అన్న అన్న, ఒక్కసారిగా తమ్ముణ్ని "వచ్చారా" అన్నాడు. "అతనికి కోపం వచ్చింది, తమ్ముడు పరాయివాడైపోయాడనిపించింది" అని ఇక వేరే రాయనక్కర్లేదు. రాస్తే చెడిపోతుంది కూడా.

3. పిలుపుల పట్టీ తయారుచేసుకోండి

కథలో ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో ముందే రాసిపెట్టుకోండి. భార్య భర్తను "ఏమండీ" అంటుందా, పేరు పెట్టి పిలుస్తుందా? కోడలు "అత్తయ్యగారూ" అంటుందా, "అత్తా" అంటుందా? నలుగురిలో ఒకలా, ఇద్దరే ఉన్నప్పుడు ఇంకోలా పిలుస్తారా? ఈ పట్టీ ఉంటే పిలుపు ఎక్కడ మారాలో మీకే తెలుస్తుంది. దాన్ని కథలో ఒకటి రెండు చోట్లకు మించి మార్చకండి. మాటిమాటికీ మారితే పాఠకుడు పట్టించుకోడు.

కథకుడి గొంతు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తండ్రి గురించి "అన్నాడు" అని రాస్తారా, "అన్నారు" అని రాస్తారా? కొడుకే కథ చెబుతుంటే ఆ ఎంపికలో వాళ్ల బంధం తెలిసిపోతుంది. ఏది తీసుకున్నా చివరిదాకా అదే ఉండాలి.

4. వాక్యాన్ని నోటి వరసలో పెట్టండి

రాసేటప్పుడు క్రియను చివర పెడతాం. మాట్లాడేటప్పుడు మనసులో ముందున్నదే ముందొస్తుంది: "తిన్నావా అన్నం?", "వెళ్లిపోయాడు వాడు." ఇలాంటివి అక్కడక్కడా పడితే సంభాషణకు ప్రాణం వస్తుంది. జనం టెన్షన్ అనే చోట "ఒత్తిడికి లోనవుతున్నాను" అనిపించకండి.

5. ఆలస్యంగా మొదలుపెట్టండి

కుశల ప్రశ్నలు, కాఫీ తెచ్చివ్వడాలు కొట్టేయండి. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన గురజాడ అప్పారావు కథ "దిద్దుబాటు" మొదలయ్యేదే "తలుపు! తలుపు!" అన్న కేకతో. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన భర్త, తెరుచుకోని తలుపు. అతను ఎక్కడికెళ్లాడు, భార్య ఏమైంది అన్నవి తర్వాత తెలుస్తాయి.

మాట ఎవరిదో చెప్పడానికి "అన్నాడు", "అంది" చాలు. "గర్జించాడు", "వాపోయింది" లాంటివాటిని దూరంగా ఉంచండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంటే "అన్నాడు" కూడా వద్దు.

6. యాసను తెలిసినంతే వాడండి

"ఎటు పోతున్నవ్?" అంటే తెలంగాణ, "యాడికి పోతాండావ్?" అంటే రాయలసీమ, "ఎక్కడికెల్తన్నావు?" అంటే ఉత్తరాంధ్ర గుర్తొస్తాయి. అయితే ప్రాంతమంతా ఒకేలా మాట్లాడదు. జిల్లా, కులం, చదువు, వయసు బట్టి మాట మారుతుంది. కొన్ని పదాలు అర్థమే మార్చుకుంటాయి: తెలంగాణ పల్లెల్లో అవ్వ అంటే అమ్మ, రాయలసీమలో నాయనమ్మో అమ్మమ్మో. మీది కాని యాసలో రాస్తుంటే ఆ ఊరి మనిషికి చదివి వినిపించి తీరాలి. యాస కేవలం పనిమనుషులకో, నవ్వించే పాత్రలకో పెట్టి, హీరోకి పుస్తకాల తెలుగు ఇవ్వడం మాత్రం దయచేసి మానుకోండి. ఆ మాట ఆడేవాళ్లను అది చిన్నబుచ్చుతుంది.

7. పేర్లు తీసేసి చదివించండి

సంభాషణ పూర్తయ్యాక పేర్లు, "అన్నాడు"లు తీసేసి ఒక మిత్రుడితో పైకి చదివించండి. మీరు చదవకండి, మీ గొంతు లోపాల్ని కప్పేస్తుంది. ఎవరి మాట ఏదో అతను చెప్పలేకపోయిన చోట గీత పెట్టండి. చదువుతూ నాలుక తడబడిన చోట ఇంకో గీత. మొదటి రకం గీతలకు పిలుపుల పట్టీ మళ్లీ తీయాలి. రెండో రకానికి మాత్రం చాలావరకు వాక్యాన్ని రెండుగా విరిస్తే సరిపోతుంది.