రాళ్ల దారిలో సైకిల్ మొరాయిస్తే ముందు గాలి చూడండి

విజయనగరం చుట్టుపక్కల కొండల కింద దారుల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్ రాయి. ఎండకూ వానకూ అది నలిగి ఎర్ర గరుసవుతుంది, మధ్యలో గట్టి ముక్కలు పదునుగా లేచి ఉంటాయి. రెండు మూడు కిలోమీటర్ల చిన్న చుట్టే అయినా బండినంతా కుదిపేస్తుంది. ఏ సమస్య వచ్చినా పార్టులు మార్చేముందు టైర్లలో గాలి కొలవండి. సగం జబ్బులు అక్కడే తేలిపోతాయి.

ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రం ఊరికే తిరుగుతోంది, ముందు చక్రం రాళ్ల మీద ఎగిరిపడుతోంది

గాలి ఎక్కువైంది. పంక్చర్ షాపులో మోటారు సైకిల్ అలవాటుతో 45, 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొట్టేస్తారు. 70 కిలోల మనిషి, 2.2 నుంచి 2.4 అంగుళాల టైరు అయితే, ట్యూబు ఉంటే ముందు 26, వెనక 29 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్‌కి ముందు 21, వెనక 24 చాలు. టైరు పక్కన కనీస గాలి ముద్రించి ఉంటే దానికంటే దిగకండి. ఆపై చుట్టుకి 2 పీఎస్ఐ చొప్పున మార్చి, ప్రతిసారీ అదే రాయి దగ్గర ఎలా ఉందో చూడండి. చిన్న చుట్టుతో ఉన్న లాభం ఇదే. ఒక చుట్టులో రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఇంత తక్కువ గాలిని బొటనవేలితో నొక్కి తేల్చలేం, తక్కువ పీఎస్ఐ చూపే మీటరు కొనుక్కోవాలి.

మాటిమాటికీ పంక్చర్

ట్యూబు తీసి, గాలి పెట్టి, నీళ్లలో ముంచి చిల్లు ఎక్కడుందో చూడండి. అదే కారణం చెబుతుంది.

పక్కపక్కనే రెండు చిల్లులుంటే, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. గాలి 3 పీఎస్ఐ పెంచండి. రాళ్ల మీద సీటులో కూర్చోకుండా పెడళ్ల మీద లేచి నిలబడండి.

బయటి వైపు ఒకే చిల్లుంటే ముల్లు, సాధారణంగా సర్కారు తుమ్మది. టైరు లోపల గుడ్డతో తుడుస్తూ వెతికి, పట్టకారుతో లాగేయండి. దాన్ని వదిలేసి కొత్త ట్యూబు వేస్తే ఇంటికి చేరేలోపే అదీ పోతుంది.

లోపల, రిమ్ము వైపు చిల్లుంటే రిమ్ టేపు జరిగింది, పుల్లల (స్పోకుల) చివరనున్న నిపుల్ గుచ్చుకుంటోంది. టేపు మార్చండి.

ట్యూబ్‌లెస్ 29 అంగుళాల టైరుకి సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) సుమారు 100 మి.లీ. పోయాలి. మన ఎండలకి త్వరగా ఆరిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చూసి నింపుకోండి.

చైన్ ఊడుతోంది, గేర్లు తప్పుతున్నాయి

దిగుడులో ఊడితే చైన్ వదులుగా ఉంది. వెనక డీరైలర్‌కి (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) క్లచ్, అంటే చైన్ వదులవకుండా పట్టి ఉంచే ఏర్పాటు, ఉంటే ఆన్ చేయండి. లేకపోతే దిగేముందు వెనక మధ్య పళ్లచక్రానికి, ముందు పెద్దదానికి మార్చుకుంటే చైన్ బిగుతుగా ఉంటుంది.

డీరైలర్ రాయికి తగిలాక గేర్లు తప్పడం మొదలైతే, దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది. వెనక నుంచి చూడండి: రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్లచక్రానికి సూటిగా కింద ఉండాలి. లోపలికి వంగి ఉంటే వెనక అతి పెద్ద చక్రంలోకి మాత్రం వేయకండి, డీరైలర్ పుల్లల్లోకి దూరి రెండూ విరుగుతాయి. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, మన జిల్లాలో అడగ్గానే దొరుకుతుందని నమ్మకండి. ఒకటి ముందే తెప్పించి సంచిలో పెట్టుకోండి.

బ్రేకు అరుస్తోంది, పట్టడం లేదు

చైన్‌కి స్ప్రే కొట్టినప్పుడు నూనె డిస్కు మీద పడి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్కు తుడిచి, ప్యాడ్లను గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. నూనె ఇంకిపోయిన ప్యాడ్లు బాగుపడవు, మార్చేయాలి. హైడ్రాలిక్ (ద్రవంతో పనిచేసే) బ్రేకు లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తే లోపల గాలి చేరింది, బ్లీడ్ చేయించాలి, అంటే ఆ గాలి తీయించాలి.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయి

ముందు ఫోర్కు లాకవుట్ (అది కుంగకుండా ఆపే బిగింపు) వేసి ఉందేమో చూడండి, చాలాసార్లు అంతే. గాలి ఫోర్కు అయితే, మీరు ఎక్కి నిలబడగానే మొత్తం 120 మి.మీ. కుంగగల ఫోర్కు 24 నుంచి 30 మి.మీ. కుంగాలి. తక్కువ కుంగితే గాలి తగ్గించండి, ఎక్కువైతే షాక్ పంపుతో పెంచండి. స్ప్రింగు ఫోర్కుకి ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగింపు) పూర్తిగా వదులు చేయడం కంటే పెద్దగా చేయగలిగింది లేదు. అప్పుడు ముందు టైరు 2 పీఎస్ఐ తగ్గించండి.