కలిపిన టీ కుదరడం లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మా ఇంట్లో టీ పొడి రెండు రకాలు కలిపి వాడతాం. అస్సాం సీటీసీ (చిన్న గుళికల్లా ఉండే గుండ టీ) మూడు వంతులు, నీలగిరి ఆకు టీ ఒక వంతు. మొదటిది రంగు, చిక్కదనం ఇస్తుంది. రెండోది వాసనకి. కొట్లో దొరికే ప్యాకెట్లు కూడా చాలావరకు ఇలా పలు తోటల టీలు కలిపినవే. ఇంట్లో కలుపుకుంటే మన ఇష్టానికి తగ్గట్టు కుదుర్చుకోవచ్చు. కానీ తేడా వచ్చినప్పుడు ముందుగా పొడినే తిడతాం. నా అనుభవంలో పది సార్లలో ఎనిమిది సార్లు తప్పు పొడిది కాదు. గుండ ఒక వేగంతో, ఆకు ఇంకో వేగంతో సారం వదులుతాయి. చాలా తిప్పలు అక్కడే మొదలవుతాయి.

సమస్య: చేదుగా ఉంది, పైగా వాసన కూడా లేదు

ముందు చేదా, వగరా అన్నది చూసుకోండి. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేస్తే అది వగరు. టీలో మనం చేదు అనేది చాలాసార్లు ఇదే.

కారణం: సీటీసీ యంత్రం 1930లలో అస్సాంలో వచ్చింది. ఆకును నలిపి, చించి, చిన్న గుళికల్లా చుడుతుంది. ఆకు అంతగా నలిగిపోవడంతో రెండు మూడు నిమిషాల్లోనే సారమంతా దిగిపోతుంది. ఆకు టీ విచ్చుకోవడానికి నాలుగైదు నిమిషాలు కావాలి. రెండూ ఒకేసారి వేసి ఆకు విచ్చుకునేదాకా మరిగిస్తే గుండ నుంచి వగరు దిగుతుంది, ఆకులోని వాసన ఆవిరితో పోతుంది. రెండు వైపులా నష్టమే.

పరిష్కారం: పాలు లేని టీ అయితే, నీళ్ళు తెర్లాక స్టవ్ ఆపి ముందు ఆకు వేసి మూత పెట్టండి. రెండు నిమిషాలకి సీటీసీ వేసి మళ్ళీ మూత. ఇంకో రెండున్నర నిమిషాలకి వడకట్టండి. వడకట్టేటప్పుడు పిప్పిని చెంచాతో నొక్కకండి, మిగిలిన వగరంతా కప్పులోకి వస్తుంది.

పాల టీకి వరస తిరగబడుతుంది. సీటీసీని నీళ్ళలో రెండు నిమిషాలు మరిగించి, స్టవ్ ఆపాక ఆకు వేసి మూత పెట్టాలి. మూడు నాలుగు నిమిషాల తర్వాత వడకట్టి, విడిగా కాచిన వేడి పాలు కలపాలి. మన ఇరానీ హోటళ్ళలో డికాషన్, పాలు వేరువేరుగా ఉంచి కప్పులో కలిపేది చూశారుగా, అదే పద్ధతి.

ఇంకా వగరుగానే ఉంటే పొడి ఎక్కువైంది. రుచి చూసి నాణ్యత తేల్చేవాళ్ళ కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన కొలత 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, 6 నిమిషాలు. అది టీలను ఒకదానితో ఒకటి పోల్చడానికి పెట్టింది, హాయిగా తాగడానికి కాదు. 150 మిల్లీలీటర్ల కప్పుకి నేను 2 గ్రాములతో మొదలుపెడతాను.

సమస్య: డబ్బా ఒకటే, రోజుకో రుచి

కారణం: డబ్బా కదిలినప్పుడల్లా సన్నటి గుండ సందుల్లోంచి అడుగుకి జారుతుంది, ఆకు పైన మిగులుతుంది. నెల మొదట్లో పలచటి టీ, నెలాఖరుకి కషాయం.

ఇంకో పొరపాటు చెంచా కొలత. సీటీసీ ఒత్తుగా కూర్చుంటుంది, ఆకు బూరుగు దూదిలా లేచి ఉంటుంది. చెంచాల లెక్కన మూడుకి ఒకటి అనుకుంటే, తూకంలో ఆకు అంతకంటే తక్కువే పడుతుంది.

పరిష్కారం: తూకం వేసి కలపండి. ఇంకా మంచిది, రెండు డబ్బాల్లో విడిగా ఉంచుకుని కప్పు కప్పుకీ కలుపుకోవడం. ఎలాగూ వేరువేరు సమయాల్లో వేయాలి కదా.

సమస్య: పైన తెట్టు కడుతోంది, కప్పుకి మరక పడుతోంది

ఇది మమ్మల్ని బాగా ఏడిపించింది. ఇల్లు మారిన వారంలో మొదలైంది. పొడి మార్చాం, పాలు మార్చాం, గిన్నె మార్చాం. మార్చనిది నీళ్ళొక్కటే. కొత్త ఇంట్లో బోరు నీళ్ళు.

కారణం: ఇలాంటి ఉప్పు నీళ్ళలో (కఠిన జలంలో) ఉండే కాల్షియం, బైకార్బొనేట్ల వల్ల టీలోని పదార్థాలు గాలి తగిలినచోట ఆక్సీకరణ చెంది పైన పొరలా తేలతాయి. 1990లలో లండన్ ఇంపీరియల్ కాలేజీ రసాయన శాస్త్రజ్ఞులు ఈ తెట్టు మీదే పనిగట్టుకుని పరిశోధన చేశారు. టీకి అక్కడ ఉన్న మర్యాద అలాంటిది.

పరిష్కారం: తాగే ఫిల్టర్ నీళ్ళే టీకీ వాడండి. పాలు పోయని టీ అయితే నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. రంగు కాస్త తేలిపోతుంది, అది పులుపు గుణం, కంగారు వద్దు. రంగు కోసం చిటికెడు వంటసోడా వేయమనేవాళ్ళ మాట మాత్రం వినకండి. రంగు ముదురుతుంది కానీ టీ చప్పబడి సబ్బు నీళ్ళలా తయారవుతుంది.

సమస్య: ఫ్రిజ్‌లో పెడితే మబ్బుగా మారింది

చెడిపోలేదు. చల్లబడితే టీలోని కెఫీన్, రంగునిచ్చే పదార్థాలు జట్టు కట్టి మబ్బులా కనిపిస్తాయి. చిక్కటి టీలోనే ఇది ఎక్కువ. కాసిని వేడి నీళ్ళు పోస్తే తేటపడుతుంది. ఐస్ టీ కోసమైతే పొడిని చన్నీళ్ళలోనే వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున వడకట్టండి.

సమస్య: అల్లం వేస్తే పాలు విరిగాయి

పాలవాణ్ణి అనే ముందు ఒక్క మాట. పచ్చి అల్లంలో పాలలోని ప్రొటీన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ ఉంటుంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వైపు గోరువెచ్చని పాలను అల్లం రసం మీద పోసి జున్నులాంటి తీపి వంటకం చేసుకునేది దీంతోనే. దంచిన అల్లాన్ని ముందే నీళ్ళలో వేసి రెండు మూడు నిమిషాలు బాగా తెర్లించండి. ఆ వేడికి ఎంజైమ్ పనిచేయకుండా పోతుంది. తర్వాత పాలు పోస్తే విరగవు. అప్పటికీ విరిగితే పాలే పాతవి.

సమస్య: అన్నీ సరిగ్గానే చేశాం, అయినా వాసన లేదు

కారణం: డబ్బా ఎక్కడ పెట్టారో చూడండి. టీ ఆకు చుట్టుపక్కల వాసనల్ని ఇట్టే పీల్చేస్తుంది. మల్లెపూల టీ తయారయ్యేది ఈ గుణంతోనే. కాబట్టి పోపుల డబ్బా పక్కన పెడితే ఇంగువ టీ తయారవుతుంది.

పరిష్కారం: బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా, పొయ్యికి దూరంగా, ఎండ తగలని అర. ఆకు టీ పావుకిలో కంటే ఎక్కువ ఒకేసారి కొనకండి. ఇంగువ పట్టిన ఆకుకి మాత్రం మందు లేదు, యాలకులు, మిరియాలు దంచి వేసి మసాలా టీకి వాడెయ్యడమే. మేం ఓ పావుకిలో నీలగిరి ఆకుని అలాగే ఖర్చు పెట్టాం. వచ్చిన చుట్టాలు మసాలా ఏం వేశారని అడిగారు, చెప్పలేదు.