వైజాగ్‌లో చదువుకుంటున్నారా, తక్కువ డబ్బుతో వీకెండ్ ఇలా గడపండి

ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) దగ్గర హాస్టల్లో ఉంటే సాయంత్రం ఐదింటికి ఆర్కే బీచ్‌కి నడిచెళ్ళిపోండి, ఆటో అక్కర్లేదు. గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) తింటూ కబుర్లు చెప్పుకుంటే చాలు, అంతకంటే మంచి టైంపాస్ నాకైతే తెలీదు. పక్కనే కురుసుర సబ్‌మెరైన్ ఉంది, 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం, లోపలికెళ్తే అంత ఇరుకులో మనుషులు నెలలు ఎలా ఉన్నారో అనిపిస్తుంది, తప్పకుండా చూడండి, సోమవారం మాత్రం మూసేస్తారు.

ఆదివారం పొద్దున్నే భీమిలి సిటీ బస్ ఎక్కి సముద్రం వైపు కిటికీ సీటు పట్టుకోండి, దార్లో తొట్లకొండ దగ్గర దిగి పైకెక్కితే పాత బౌద్ధ స్తూపాల పక్కనుంచి సముద్రం మొత్తం కనిపిస్తది, నీడ తక్కువ కాబట్టి వాటర్ బాటిల్, టోపీ పెట్టుకోండి. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చి వాళ్ళ సమాధులు చూసి చీకటి పడకముందే తిరిగొచ్చేయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఈత వచ్చినా సరే ఆర్కే బీచ్‌లో, యారాడలో లోపలికి వెళ్ళొద్దు, అలలు లాగేస్తాయి, మోకాళ్ళ లోతు దాటకండి ప్లీజ్.