చాట్ సర్వర్ల పేర్లు దాస్తే దాడులు ఆగుతాయా?

విజయవాడలో ఒకటి, గుంటూరులో ఒకటి సర్వర్లు పెట్టుకొని ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్ అనే చాట్ పద్ధతి) నెట్‌వర్క్ నడపదలచిన విద్యార్థి బృందాలు ముందుగా నెట్‌వర్క్‌లోని సర్వర్ల జాబితాను చూపే లింక్స్, మ్యాప్ ఆదేశాలను సాధారణ వాడుకరులకు మూసివేసి, వాడుకరి వివరాలు చెప్పే హూయిజ్ ఆదేశం జవాబులో అసలు సర్వర్ పేరు కనబడకుండా అమర్చుకోవాలి. సర్వర్ల మధ్య లంకె తెగినప్పుడు వెలువడే క్విట్ (వాడుకరులు వెళ్లిపోయారని తెలిపే) సందేశంలో రెండు పేర్లూ పక్కపక్కనే బయటపడతాయి. చాలామంది దీన్నే దాచడం మరచిపోతారు.

అయినా వాడుకరులు కలిసే సర్వర్ ఐపీ చిరునామా డీఎన్‌ఎస్‌లో (పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే ఇంటర్నెట్ వ్యవస్థలో) ఎలాగూ దొరుకుతుంది కనుక, పేరు దాచినంత మాత్రాన డీడాస్ దాడి (అనేక యంత్రాల నుంచి ఒకేసారి వరదలా సమాచారం పంపి సర్వర్‌ను స్తంభింపజేయడం) ఆగదు. ఆ వరదను ఎగువనే, హోస్టింగ్ సంస్థ వద్దనే వడకట్టించాలి. దాపరికం నిజంగా అక్కరకొచ్చేది మిగతా సర్వర్లను కలిపే మధ్య సర్వర్ అయిన హబ్‌కే. దానిలోకి వాడుకరులను రానివ్వకుండా, బహిరంగ డీఎన్‌ఎస్‌లో నమోదు చేయకుండా, ఫైర్‌వాల్‌లో (రాకపోకలను అదుపుచేసే రక్షణ అమరికలో) తోటి సర్వర్లకు మాత్రమే దారి ఇవ్వాలి. హబ్ చిరునామా ఇదివరకే బయటపడి ఉంటే, పేరుతో పాటు దాన్నీ మార్చాలి.