పేరు తవ్వితే – 3వ పాఠం: అలివేలు

గత పాఠంలో సావిత్రి, పద్మావతి లాంటి సంస్కృతం పేర్లు చూశాం. అవి తేలిక, నిఘంటువు తెరిస్తే సగం పని అయిపోతుంది. ఈసారి నిఘంటువే తప్పుదారి పట్టించే పేరు తీసుకుందాం. అలివేలు. అమ్మమ్మల తరంలో వాడకొకరైనా ఉండేవాళ్లు, ఇప్పుడు బారసాలల్లో ఈ పేరు వినిపించడం అరుదు.

నిఘంటువులో 'అలి' అంటే తుమ్మెద అని ఉంటుంది. అది చూడగానే తుమ్మెదల్లాంటి నల్లని జుట్టున్న అమ్మాయి అని చెప్పేయాలనిపిస్తుంది. ఆగండి, ఆ అర్థం అలివేణిది, వేణి అంటే జడ. మరి వేలు అంటే? చేతివేలు పెట్టి చూడండి, ఏ అర్థమూ రాదు. పేరును విరిచినప్పుడు ఒక ముక్క అతికి రెండోది అతకకపోతే, మీరు విరిచిన చోటే తప్పు. ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే.

అప్పుడేం చేయాలి? పేరుకున్న పాత రూపాలన్నీ కాగితం మీద రాసుకోవాలి. అలివేలు, అలిమేలు, అలమేలు, అలమేలుమంగ, అలమేల్మంగ. ఇలా రాసుకుంటే చాలు, దారి కనిపిస్తుంది. మకారం వకారం కావడం మన నోటికి కొత్త కాదు, మామిడిని మావిడి అంటాం, నిమిషాన్ని నివిషం అంటాం. నడిమి అచ్చు కూడా అంతే, ఒకచోట నిలవదు, మనిషి మనుషులు అయినప్పుడు చూడండి. కాబట్టి 'మేలు' ముందు, 'వేలు' తర్వాత.

ఇంకా వెనక్కి వెళ్తే తమిళం. తిరుమల వేంకటేశ్వరుణ్ణి పాడుతూ తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు 'అలర్‌మేల్ మంగై'ని వక్షస్థలంలో నిలుపుకున్నవాడా అని పిలుస్తాడు. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే యువతి. పువ్వు మీద కొలువున్న అమ్మ, అంటే లక్ష్మి. తిరుచానూరులో పద్మావతి అన్నా, అలమేలుమంగ అన్నా ఒక్క అమ్మవారే, ఆ ఊరికి అలమేలుమంగాపురం అనే పేరూ ఉంది.

తమిళం నుంచి వచ్చింది కదా, మనవాళ్లకు అర్థం తెలియకుండానే పెట్టుకున్నారేమో అనుకోవద్దు. 'అలరు' అంటే పువ్వు అని తెలుగు కావ్యభాషలోనూ ఉంది. అన్నమయ్య (1408–1503) 'అలరులు కురియగ నాడెనదే' అని మొదలుపెట్టి అదే పల్లవిని 'అలమేలుమంగ' అంటూ ముగిస్తాడు, పూలు కురుస్తున్నది పూవు మీది అమ్మ ఆడుతుంటే! ఆయనదే 'క్షీరాబ్ధి కన్యకకు' హారతి పాట తీసి చూడండి, అందులో ఒక చరణంలో 'అలివేణి తురుము' ఉంటుంది, మరో చరణంలో 'అలమేల్మంగ చక్కదనములు' ఉంటాయి. రెండు మాటలూ వేరని ఒక్క పాటలోనే తేలిపోతుంది. నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

గుడి దాటి మనుషుల పేరుగా ఎక్కడెక్కడికి వెళ్లిందో కూడా చూడాలి. కన్నడనాట అలమేలమ్మ కథ అందరికీ తెలుసు. 1610లో మైసూరు రాజు రాజ ఒడెయరు శ్రీరంగపట్నం తీసుకున్నాక, అక్కడ విజయనగర ప్రతినిధిగా ఉన్నాయన భార్య అలమేలమ్మ తన నగలు ఇవ్వకుండా కావేరిలో దూకిందని, దూకుతూ కావేరి ఒడ్డునున్న తలకాడు ఊరు ఇసుకైపోవాలని శపించిందని చెబుతారు. శాపం సంగతి అలా ఉంచితే, ఆ కాలపు రాజకుటుంబంలో ఈ పేరు ఉందని ఆ జ్ఞాపకం చెబుతోంది.

ఇక ఎంతమందికి ఉంది అనే లెక్క. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ (పింఛన్లు చూసే ప్రభుత్వ శాఖ) వాళ్లు 1880 నుంచి పుట్టినవాళ్ల పేర్ల లెక్క బయటపెడతారు (ఏడాదిలో 5గురికి తక్కువ పెట్టుకున్న పేర్లు అందులో ఉండవు). మనకు అలాంటిది లేదు, కానీ ఓటరు జాబితా ఉంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, అన్నీ తెలుగులోనే దొరుకుతాయి. మీ పోలింగ్ కేంద్రం పీడీఎఫ్ దించుకోండి, వెతుకు బటన్ చాలాసార్లు పనిచేయదు, ఓపిగ్గా పేజీలు తిప్పాల్సిందే. వయసును 40 లోపు, 40 నుంచి 60, 60 పైన అని మూడు గడులు చేసుకుని, అలివేలు, అలివేలమ్మ, అలమేలు, అలివేలు మంగ ఏది కనిపించినా గీత పెట్టండి. ఒట్టి మంగను, మంగమ్మను మాత్రం విడిగా రాయండి, అవి ఇదే పేరు ముక్కలు కావచ్చు, కాకపోవచ్చు. ఒక జాగ్రత్త: పెళ్లయి వచ్చిన ఆడవాళ్లు ఎక్కువగా వేరే ఊళ్లలో పుట్టినవాళ్లు, కాబట్టి ఆ లెక్క మీ ఊరు పెట్టిన పేర్లది కాదు, చుట్టుపక్కల ప్రాంతానిది. 18 లోపు పిల్లలు అందులో ఉండరు, వాళ్ల కోసం బడిలో హాజరు పిలిచే టీచర్‌ని అడగండి. లెక్క మాత్రమే రాసుకోండి, ఎవరి ఇంటి నంబరూ, వివరాలూ ఎక్కడా పెట్టకండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: మంగతాయారు. మంగ ఏమిటో మీకిప్పుడు తెలుసు. తాయారును ఎక్కడ విరవాలో, అసలు విరవాలో వద్దో మీరే తేల్చి రండి.